శనగ మడిలో కంటికి కనిపించే తేడా, గింజ వెంట వచ్చే తేడా

(మొక్కల ప్రజననంలో పరిశోధన ప్రారంభించిన విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది శనగలో జన్యు వైవిధ్యం గురించి, ఆ వైవిధ్యానికీ దిగుబడికీ ఉన్న సంబంధం గురించి. మీలో చాలామంది పరిశోధన కొత్తగా మొదలుపెట్టినవారు. రేపో మాపో నలభై రకాలో యాభై రకాలో తెచ్చి, మూడు రెప్లికేషన్లలో, అంటే ప్రతి రకాన్నీ మూడేసి మడుల్లో విత్తి, ఒక్కో మడిలో ఐదు మొక్కలకు గుర్తు కట్టి, కొమ్మలు లెక్కపెట్టి, కాయలు లెక్కపెట్టి, గింజలు తూచి, ఆ అంకెలతో పీసీవీ, జీసీవీ, అనువంశికత, జన్యు పురోగతి అని నాలుగు నిలువు వరుసల పట్టిక ఒకటి తయారుచేస్తారు. పీసీవీ అంటే కనిపించే మొత్తం తేడా, జీసీవీ అంటే అందులో జన్యువుల వల్ల వచ్చిన తేడా, రెండూ సగటులో శాతంగా. అనువంశికత అంటే కనిపించే తేడాలో జన్యువుల వాటా, జన్యు పురోగతి అంటే మేలైనవాటిని ఎంపిక చేస్తే తర్వాతి తరంలో దక్కుతుందనుకునే లాభం. నేనూ చేశాను. ఇక్కడున్న పెద్దలందరూ చేశారు. ఆ పట్టికను ఎలా తయారుచేయాలో మీకు ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. అది చేతికొచ్చాక ఏ మొక్కను ఉంచాలి, ఏ మొక్కను వదిలేయాలి? ఈ ప్రశ్నకు జవాబు ఆ పట్టికలోంచి ఎంతవరకు వస్తుంది, ఎక్కడ రాదు అన్నదే ఈ పూట నా విషయం.

ముందుగా ఒక పాత సంగతితో మొదలుపెడతాను. జన్యుశాస్త్రం పుట్టిందే కాయజాతి పంటల మీద అంటే అతిశయోక్తి కాదు. గ్రెగర్ మెండెల్ 1865లో చదివి, 1866లో ప్రచురించిన ప్రయోగాలు బఠానీ మీద చేసినవని మీకందరికీ తెలుసు. ఆయన ఎంచుకున్న ఏడు లక్షణాలు ఎలాంటివి? గింజ గుండ్రంగా ఉందా, ముడతలు పడిందా. మొక్క పొడుగా, పొట్టా. చూడగానే ఇది ఇదీ, అది అదీ అని వేరుచేయగలిగిన లక్షణాలు. మరి దిగుబడి అలాంటిదా? పది గ్రాములు ఇచ్చిన మొక్కకూ పన్నెండు గ్రాములు ఇచ్చిన మొక్కకూ మధ్య గీత ఎక్కడ గీస్తారు? అందుకే మెండెల్ తర్వాత మనకు ఎక్కువగా పనికొచ్చేవాడు డెన్మార్క్‌కు చెందిన విల్‌హెల్మ్ జోహాన్‌సెన్. ఆయన కూడా కాయజాతి మీదే పనిచేశాడు, ఫ్రెంచి చిక్కుడు మీద. 1903లో ఆయన బయటపెట్టిన సంగతి ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఒకే రకం పేరుతో అమ్మే చిక్కుడు గింజల్ని ఆయన తీసుకున్నాడు. చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. ఒక్కో గింజ నుంచి ఒక్కో వంశం చొప్పున పంతొమ్మిది శుద్ధవంశాలను విడివిడిగా పెంచాడు. వంశానికీ వంశానికీ మధ్య తేడా స్పష్టంగా నిలబడింది. అన్నిటికంటే బరువైన వంశంలో గింజ సగటు బరువు 642 మిల్లీగ్రాములు, అన్నిటికంటే తేలికైనదానిలో 351. ఇంతవరకు వింత ఏమీ లేదు. వింతంతా ఒక్కో వంశం లోపల జరిగింది. పదమూడో వంశంలో 200 మిల్లీగ్రాముల బక్క గింజను విత్తితే వచ్చిన సంతతి సగటు 475. 500 మిల్లీగ్రాముల బొద్దు గింజను విత్తితే వచ్చిన సంతతి సగటు 458. బొద్దు గింజను ఏరినందుకు దక్కింది ఏముంది? ఏమీ లేదు. ఆ వంశం లోపల కనిపించిన తేడా అంతా కాయలో గింజ ఎక్కడ కూర్చుంది, ఆ కాయ కొమ్మ మీద ఎక్కడ కాసింది, ఆ మొక్కకు నేల ఎంత పెట్టింది అన్నవాటి నుంచి వచ్చిందే. అది గింజ వెంట రాదు. వంశానికీ వంశానికీ మధ్య ఉన్న తేడా మాత్రం గింజ వెంట వస్తుంది.

ఈ రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. మళ్ళీ చెబుతున్నాను, కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఆ తర్వాత నూరేళ్ళుగా మనం కనిపెట్టుకున్న గణాంక పద్ధతులన్నీ ఆ రెంటినీ విడదీయడానికి పడిన పాట్లే.

ఇక మన పంట దగ్గరకు వద్దాం. శనగలో పువ్వు విచ్చుకోకముందే, మొగ్గలోనే, పుప్పొడి రాలి పరాగసంపర్కం జరిగిపోతుంది. కాబట్టి ఇది దాదాపు పూర్తిగా స్వపరాగ పంట, మీరు విత్తే ఒక్కో రకం దాదాపుగా జోహాన్‌సెన్ చెప్పిన శుద్ధవంశమే. ఇది మనకు సౌకర్యం, ఎందుకంటే రకాన్ని నిలుపుకోవడం సులువు. ఇబ్బంది కూడా ఇదే, ఎందుకంటే ప్రకృతి తనంతట తాను కలిపి కొత్త కూర్పులు ఇవ్వదు. మొగ్గ విప్పి, కేసరాలు తీసి, మనమే కలపాలి. ఆ చిన్న మొగ్గతో ఉదయమంతా కుస్తీ పట్టి, చివరికి ఎన్ని కాయలు నిలిచాయో లెక్కపెట్టుకున్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది చరిత్ర నుంచి వచ్చింది. శనగకు మూలమైన అడవి జాతి సైసర్ రెటిక్యులేటమ్. అది ఆగ్నేయ టర్కీలోని చిన్న ప్రాంతానికే పరిమితం. గోధుమ, బార్లీల అడవి బంధువుల మాదిరి విశాలంగా పరుచుకున్నది కాదు. దాదాపు పదివేల ఏళ్ళ కిందట మనిషి ఆ కొద్దిపాటి మొక్కల్లోంచి మరీ కొద్దివాటిని సాగులోకి తెచ్చాడు. ఆ తర్వాత, చలికాలపు వానల్లో వచ్చే తెగులుకు, ముఖ్యంగా ఆస్కోకైటా తెగులుకు తట్టుకోలేక, ఆ ప్రాంతాల్లో విత్తే కాలాన్నే వసంతానికి మార్చారని పరిశోధకుల వాదన. ఆ మార్పులో చలి అవసరమైన రకాలు, ఆలస్యంగా పూసే రకాలు మరికొన్ని రాలిపోయాయి. చివరగా మన కాలంలో నాటురకాల స్థానంలో కొద్ది మెరుగైన రకాలు వచ్చి కూర్చున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఇరుకు సందులోంచి ఇంకా ఇరుకు సందులోకి వెళ్ళినట్టుగా ఈ పంట మన దగ్గరకు వచ్చింది. కనుక సాగులో ఉన్న శనగలో వైవిధ్యం దానికదే కావలసినంత ఉంటుందని అనుకోకండి. దాన్ని వెతకాలి.

వెతకడానికి దారి ఒకటి ఉంది. జన్యునిధుల్లో వేల నమూనాలు ఉన్నాయి కానీ వేల నమూనాలను ఎవరు విత్తగలరు? ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2001లో 16,991 నమూనాల నుంచి 1,956 నమూనాల కోర్ సముదాయాన్ని, దాని నుంచి 211 నమూనాల మినీకోర్‌ను ఎంపిక చేశారు. నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ అంతే, కానీ మొత్తం సేకరణలోని వైవిధ్యంలో పెద్ద భాగానికి అది ప్రతినిధి. మీ దగ్గర ఉన్న నలభై రకాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి చూసుకోండి. అవన్నీ రెండు మూడు ప్రసిద్ధ రకాల సంతానమే అయితే మీ పట్టికలో జీసీవీ తక్కువ వచ్చిందని శనగను నిందించకూడదు. అది మీరు తెచ్చుకున్న నలభై రకాల గురించి చెప్పే మాట, శనగ గురించి చెప్పే మాట కాదు.

ఒకే మడి, రెండు లెక్కలు

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. ఇవి ఏ ప్రయోగం నుంచీ తెచ్చిన అంకెలు కావు, సులువుగా ఉండాలని నేను అనుకున్న అంకెలు. మూడు రెప్లికేషన్ల ప్రయోగం. మొదట నూరు గింజల బరువు తీసుకుందాం. సగటు 24 గ్రాములు. విస్తృతి అంటే వేరియన్స్, అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత. విస్తృతి విశ్లేషణలో రకాల సగటు వర్గం (మీన్ స్క్వేర్) 46, దోషపు సగటు వర్గం, అంటే రకంతో సంబంధం లేకుండా మడికీ మడికీ వచ్చిన తేడాది, 1. అప్పుడు జన్యు విస్తృతి ఎంత? నలభై ఆరులోంచి ఒకటి తీసి మూడుతో భాగిస్తే 15. దానికి దోషం ఒకటి కలిపితే దృశ్యరూప విస్తృతి, అంటే కంటికి కనిపించే మొత్తం తేడాది, 16. దాని వర్గమూలం 4, సగటులో అది సుమారు 17 శాతం, అది పీసీవీ. జీసీవీ 16 శాతం. అనువంశికత పదహారింట పదిహేను, అంటే 94 శాతం.

ఇప్పుడు ఒక్కో మొక్క దిగుబడి చూద్దాం. సగటు 10 గ్రాములు. రకాల సగటు వర్గం 13, దోషానిది 7. జన్యు విస్తృతి 2, దృశ్యరూప విస్తృతి 9, దాని వర్గమూలం 3. పీసీవీ ఎంత? 30 శాతం! నూరు గింజల బరువు కంటే దాదాపు రెట్టింపు. మడిలో నిలబడి చూసేవాడికి ఏం కనిపిస్తుంది? దిగుబడిలో బ్రహ్మాండమైన తేడాలున్నాయి, ఏరుకోవడమే తరువాయి అని కనిపిస్తుంది. కానీ జీసీవీ 14 శాతమే. అనువంశికత తొమ్మిదింట రెండు, అంటే 22 శాతం. నూటికి అయిదుగురిని ఎంపిక చేస్తే వాడే 2.06 గుణకంతో జన్యు పురోగతి లెక్కిస్తే, నూరు గింజల బరువులో సగటు మీద 32 శాతం వస్తుంది, దిగుబడిలో 14 శాతం కూడా నిండదు. ఎక్కువ తేడా కనిపించినచోట తక్కువ లాభం, తక్కువ తేడా కనిపించినచోట ఎక్కువ లాభం. కన్ను చెప్పింది తలకిందులైంది.

ఈ లెక్కల వెనుక వరుస ఒకటుంది. జీసీవీ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, దానికి అనువంశికత జతచేసి చూడండి అని 1952లో బర్టన్ చెప్పాడు. అనువంశికత కూడా ఒంటరిగా సరిపోదు, దాన్ని జన్యు పురోగతితో కలిపి చూడండి అని 1955లో జాన్సన్, రాబిన్సన్, కామ్‌స్టాక్ చెప్పారు. వాళ్ళు ఏ పంట మీద పనిచేశారు? సోయాచిక్కుడు. మళ్ళీ కాయజాతే.

అయితే ఇందులో మూడు గుంతలున్నాయి. నేను మూడింటిలోనూ పడ్డాను కనుక ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిది, అనువంశికత ఏ ప్రాతిపదికన లెక్కించారన్నది. ఇందాకటి దిగుబడి అంకెలే తీసుకోండి. ఒక మడిని ప్రాతిపదికగా పెట్టుకుంటే 22 శాతం వచ్చింది. మూడు రెప్లికేషన్ల సగటును ప్రాతిపదికగా పెట్టుకుంటే దోషం ఏడు కాదు, ఏడులో మూడో వంతు. అప్పుడు అనువంశికత 46 శాతం అవుతుంది. అవే మొక్కలు, అవే అంకెలు, అదే పేరు. ఒకచోట 22, ఒకచోట 46. రెండూ తప్పు కావు. ఏది లెక్కించామో రాయకపోవడం మాత్రం తప్పు. ఒకరి పట్టికను మరొకరి పట్టికతో పోల్చే ముందు ఈ ఒక్క విషయం చూసుకోండి.

రెండోది, ఒకే చోట ఒకే కాలంలో చేసిన ప్రయోగం. ఆ ఏడు బెట్ట వచ్చిందనుకుందాం. త్వరగా కాపుకొచ్చే రకాలు తప్పించుకున్నాయి, ఆలస్యపు రకాలు ఎండిపోయాయి. రకాల మధ్య తేడా పెద్దగా వచ్చింది, మీ అనువంశికత ఆకాశాన్నంటింది. మరుసటి ఏడు తేమ బాగా ఉండి ఆలస్యపు రకాలే పైకి వస్తే? రకానికీ పరిసరానికీ మధ్య ఉన్న పరస్పర ప్రభావం ఒకే ప్రయోగంలో విడిగా కనిపించదు, అది జన్యు విస్తృతి ఖాతాలో కూర్చుని జన్యువుల వేషం వేస్తుంది. ఒక్క ఏడాది ప్రయోగం నుంచి దిగుబడికి 90 శాతం అనువంశికత వచ్చిందని ఎవరైనా చూపిస్తే నేను అభినందించే ముందు ఆ ఏడు వానలు ఎలా పడ్డాయని అడుగుతాను.

మూడోది కొంచెం సూక్ష్మం, మెల్లగా వినండి. పీసీవీ, జీసీవీ రెండూ విచలన గుణకాలే. విచలన గుణకం అంటే ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించిన సంఖ్య. ఆ సగటు ఎక్కడి నుంచి కొలిచారో దాన్నిబట్టి అది మారుతుంది. విత్తిన రోజు నుంచి పూతకు సగటున 50 రోజులు, ప్రామాణిక విచలనం 4 రోజులు అనుకోండి. గుణకం 8 శాతం. మొలకెత్తిన రోజు నుంచి లెక్కపెడితే సగటు 42 అవుతుంది, గుణకం తొమ్మిదిన్నర శాతం దాటుతుంది. మొక్కలో ఏమైనా మారిందా? లేదు. పది శాతం లోపు తక్కువ, పది నుంచి ఇరవై మధ్యస్థం, ఇరవై దాటితే ఎక్కువ అని ఒక కొలబద్ద పెట్టుకుని, పూత రోజుల్లో వైవిధ్యం తక్కువ కనుక ఎంపికకు అవకాశం లేదు అని రాసేస్తాం. నాలుగు రోజుల ప్రామాణిక విచలనం అంటే ఈ కొసకూ ఆ కొసకూ మధ్య పదహారు రోజుల తేడా. శనగ చాలాచోట్ల నేలలో మిగిలిన తేమ మీదే బతికే పంట. చివర్లో బెట్ట తప్పదు. అలాంటి పంటలో పదహారు రోజుల తేడాను తక్కువ వైవిధ్యం అనడానికి మనసెలా ఒప్పుతుంది? అది పంట చేతికి రావడానికీ రాకపోవడానికీ మధ్య ఉన్న తేడా. శాతం చూడండి, కాదనను. దాని పక్కన రోజుల్లో, గ్రాముల్లో కూడా చూడండి.

ఇంకొక మాట చెప్పి ముందుకు వెళతాను. మడిలో ఐదు మొక్కల్ని యాదృచ్ఛికంగా తీసుకున్నాం అని అందరం రాస్తాం. నిజంగా అలాగే తీసుకున్నామా? చెయ్యి తనంతట తానే ఏపుగా ఉన్న మొక్క వైపు పోతుంది. చచ్చిపోయిన మొక్క పక్కన ఖాళీ దొరికి విస్తరించిన మొక్క అందంగా కనిపిస్తుంది, దాన్నే పట్టుకుంటాం. నా మొదటి ప్రయోగంలో చివరి వరుసల మొక్కల్ని కూడా కలుపుకుని కాయలు లెక్కపెట్టాను. పైగా గింజ పట్టని తాలు కాయలను కూడా లెక్కలో వేశాను. ఆ ఏడు నా దోషపు విస్తృతి ఎందుకంత పెద్దదైందో చాలాకాలం నేలను తిట్టుకున్నాను కానీ నన్ను నేను తిట్టుకోలేదు.

ఒకటి పెంచితే ఒకటి తగ్గుతుంది

దిగుబడిని నేరుగా ఎంపిక చేయడం కష్టమైతే ఏం చేయాలి? దిగుబడిని ముక్కలు చేసి, సులువైన ముక్కను పట్టుకుందాం అన్నారు పెద్దలు. మొక్కకు కాయలెన్ని, కాయకు గింజలెన్ని, గింజ బరువెంత. ఈ మూడింటి గుణకారమే మొక్క దిగుబడి. గింజ బరువుకు అనువంశికత ఎక్కువని ఇందాక చూశాం. మరి గింజ బరువును పెంచుకుంటూ పోతే దిగుబడి పెరగాలి కదా?

పెరగదు. లేదా మనం అనుకున్నంత పెరగదు. 1967లో ఆడమ్స్ అనే శాస్త్రవేత్త చిక్కుడు మీద పనిచేస్తూ దీన్ని చక్కగా వివరించాడు. ఈ ముక్కలు ఒకేసారి తయారు కావు, ఒకదాని తర్వాత ఒకటి తయారవుతాయి. ముందు కొమ్మలు, తర్వాత పూత, తర్వాత కాయ, తర్వాత గింజ నిండడం. అన్నీ ఒకే సంచిలోంచి తింటాయి. ముందు వచ్చినవాళ్ళు ఎక్కువ తింటే వెనక వచ్చినవాళ్ళకు తక్కువ మిగులుతుంది. కాయలు ఎక్కువ పట్టిన మొక్కలో గింజ చిన్నదవుతుంది, పెద్ద గింజ మొక్కలో కాయలు తగ్గుతాయి. దీన్ని లక్షణాల మధ్య పరిహారం అంటారు. ఈ ప్రతికూల సంబంధంలో కొంత జన్యువుల వల్ల వచ్చేది, చాలావరకు ఈ పంపకం వల్ల వచ్చేది.

ఇక్కడే పాత్ అనాలిసిస్ ఉపయోగపడుతుంది. ఒక లక్షణానికి దిగుబడి మీద ఉన్న నేరు ప్రభావాన్నీ, వేరే లక్షణాల దారిలో వచ్చే ప్రభావాన్నీ విడదీసే లెక్క అది. సీవల్ రైట్ 1921లో దాని పద్ధతిని విశదీకరించాడు. 1959లో డ్యూయీ, లూ దాన్ని పంట మొక్కల దిగుబడి లక్షణాలకు వర్తింపజేశారు. మళ్ళీ ఊహించిన అంకెలతో చెబుతాను. గింజ బరువుకూ దిగుబడికీ సహసంబంధం 0.10. అంటే సంబంధం లేనట్టే, వదిలేద్దాం అనిపిస్తుంది. విడదీసి చూస్తే గింజ బరువుకు దిగుబడి మీద నేరు ప్రభావం 0.55. మరి అది ఏమైంది? గింజ బరువుకూ కాయల సంఖ్యకూ సహసంబంధం మైనస్ 0.60, కాయల సంఖ్య నేరు ప్రభావం 0.75. ఈ రెంటినీ గుణిస్తే మైనస్ 0.45. అదీ కాయల దారిలో పోయిన నష్టం. 0.55లోంచి 0.45 పోతే మిగిలింది 0.10. అంటే గింజ బరువు పనికిరానిది కాదు, దాని మంచిని కాయల తగ్గుదల తినేసింది. కాబట్టి మనకు కావలసింది కాయలు మరీ తగ్గకుండా గింజ పెరిగిన అరుదైన మొక్క. ఈ సంగతి సహసంబంధం చెప్పలేదు, పాత్ అనాలిసిస్ చెప్పింది.

బాగుంది కదా? ఇప్పుడు అదే లెక్కలో మిగులు ప్రభావం చూడండి. ఈ రెండు లక్షణాలూ కలిసి దిగుబడిలోని తేడాల్లో 37 శాతాన్నే వివరించాయి. మిగిలిన 63 శాతం వర్గమూలం 0.79. ఆ 0.79ని పట్టిక కింద చిన్న అక్షరాల్లో వేస్తాం. నేనైతే దాన్ని పట్టిక పైన వేయమంటాను. ఎందుకంటే మనకు తెలియని భాగం ఎంతో చెప్పే అంకె అదొక్కటే.

ఇంకొక సరదా సంగతి. చాలా పాత్ అనాలిసిస్‌లలో మొత్తం జీవభారానికీ (మొక్క మొత్తం ఎండు బరువుకు), పంట సూచికకూ నేరు ప్రభావం అన్నిటికంటే ఎక్కువ వచ్చింది, కనుక వాటి ద్వారా ఎంపిక చేయాలి అని ముగింపు ఉంటుంది. పంట సూచిక అంటే ఏమిటి? గింజ దిగుబడిని జీవభారంతో భాగించగా వచ్చినది. ఆ రెంటినీ గుణిస్తే వచ్చేది దిగుబడే. దిగుబడి మీద దిగుబడికే ఎక్కువ ప్రభావం ఉందని కనుగొనడానికి కంప్యూటర్ అవసరమా? ఈ రెండు లక్షణాలు ముఖ్యం కావని నేను అనడం లేదు, చాలా ముఖ్యం. వాటిని ఒకే లెక్కలో పెడితే మిగతా లక్షణాలన్నీ వెలవెలబోతాయి, ఆ వెలవెలబోవడానికి అర్థం లేదు అంటున్నాను.

దిగుబడి లక్షణాలన్నీ ఇంత చిక్కుగా ఉండవు, అది కూడా చెప్పాలి. కొన్నిటిలో ఒకటో రెండో పెద్ద జన్యువులు కనిపిస్తాయి. కణుపుకు ఒక కాయ కాకుండా రెండు కాయలు వచ్చే జంటకాయ లక్షణం ఒకే అంతర్గత జన్యువు వల్ల వస్తుంది. జేజీ 62 అనే రకం దానికి పేరెన్నికగన్నది. అదే జేజీ 62 ఎండుతెగులుకు ఎంత సులువుగా లొంగుతుందంటే, తెగులు ప్రయోగాల్లో దాన్ని లొంగే రకానికి నమూనాగా వాడుతున్నారు. ఒకే మొక్కలో వరమూ శాపమూ రెండూ. త్వరగా పూతకు వచ్చే ఐసీసీవీ 2ను ఇదే జేజీ 62తో కలిపిన సంకరంలో పూత సమయాన్ని శాసించే ఒక పెద్ద జన్యువు ఉందని 2000లో తేలింది. ఇలాంటి లక్షణాలకు పీసీవీ, జీసీవీల దండకం అక్కర్లేదు, మెండెల్ చాలు. ఏ లక్షణానికి మెండెల్ చాలునో, ఏ లక్షణానికి జోహాన్‌సెన్ కావాలో తెలుసుకోవడం ప్రజనన శాస్త్రవేత్తకు సగం విద్య.

ఇప్పుడు సంకరాల మాట. ఇందాకటి జన్యు పురోగతి గురించి ఒక అపోహ ఉంది. శుద్ధవంశాలను విత్తి, వాటిలో మేలైన రెంటిని ఎంచుకుంటే, ఆ రెండూ మీ దగ్గర ముందే ఉన్నవి. కొత్తది ఏదీ పుట్టలేదు. కొత్తది పుట్టాలంటే కలపాలి, కలిపాక ఎఫ్2లో, అంటే సంకరం తర్వాతి రెండో తరంలో, ఎంత వైవిధ్యం విడిపోతుందన్నది ఆ జంటను బట్టి ఉంటుంది, మీ నలభై రకాల పట్టికను బట్టి కాదు. జంటను ఎంచుకోవడానికి మహలనోబిస్ 1936లో ఇచ్చిన డీ-స్క్వేర్ దూరాన్ని (చాలా లక్షణాలను కలిపి చూసి తేడాను ఒకే అంకెలో చెప్పే కొలతను) వాడి, రకాలను గుంపులుగా విడగొట్టి, దూరపు గుంపుల నుంచి తల్లిదండ్రులను తీసుకుంటాం. మంచిదే. కానీ రెండు జాగ్రత్తలు. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన రకాలు ఒకే గుంపులో పడవచ్చు, ఒకే చోట పుట్టినవి వేర్వేరు గుంపుల్లో పడవచ్చు. చిరునామాకూ జన్యువులకూ గట్టి సంబంధం లేదు. రెండోది, అన్నిటికంటే దూరమైన జంటే అన్నిటికంటే మంచి జంట అనుకోకండి. దూరం తేడాను ఇస్తుంది, సగటును ఇవ్వదు. ఒక తల్లి మరీ బక్కదైతే ఎఫ్2లో తేడాలు కావలసినన్ని ఉంటాయి, కానీ సగటు ఎక్కడో కింద ఉంటుంది, మీరు మళ్ళీ మళ్ళీ పాత మట్టానికి ఎక్కడానికే తరాలు ఖర్చుపెడతారు. దేశీ, కాబూలీ శనగలను కలిపినప్పుడు ఈ అనుభవం చాలామందికి అవుతుంది: వైవిధ్యం బాగా వస్తుంది, గింజ ఆకారం, రంగు మాత్రం మధ్యలో ఎటూ కానివి చాలా వస్తాయి.

ఎఫ్2లో ఒక్కో మొక్క దిగుబడి తూచి ఎంపిక చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక మడి లెక్కకే 22 శాతం అనువంశికత ఉంటే ఒంటరి మొక్కకు ఎంత ఉంటుందో ఊహించండి. ఎఫ్2లో నేను పూత సమయం చూస్తాను, గింజ పరిమాణం చూస్తాను, తెగులు మడిలో వేసి ఎండిపోయినవాటిని వదిలేస్తాను. దిగుబడి జోలికి పోను. ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ చొప్పున తీసుకుంటూ, తరాలను త్వరగా దాటించి, స్థిరపడ్డాక మడుల్లో, రెండు మూడు చోట్ల, దిగుబడి తూస్తాను. ఇప్పుడు దీనికి కాలం కూడా కలిసొస్తోంది. రోజుకు 22 గంటల వెలుతురుతో, నియంత్రిత పరిసరాల్లో శనగను ఏడాదికి ఆరు తరాల దాకా నడిపించవచ్చని 2018లో చూపించారు.

చివరగా, మీరు తప్పకుండా అడగబోయే ప్రశ్న. మార్కర్లు (జన్యువుల చోటును పట్టించే డీఎన్ఏ గుర్తులు) వచ్చాయి కదా, జీనోమ్ చదివేశారు కదా, ఇంకా ఈ కాయలు లెక్కపెట్టడం ఎందుకు అని. శనగ జీనోమ్ ముసాయిదా 2013లో వచ్చింది, అందులో 28,269 జన్యువులను గుర్తించారు. 2021లో 3,366 శనగ నమూనాల జీనోమ్‌లను చదివి ప్రచురించారు. వాటిలో 195 అడవి జాతులవి. ఐసీసీ 4958 అనే రకంలో నాలుగో అనుబంధ సమూహం (క్రోమోజోమ్ లాంటి జన్యువుల వరుస) మీద వేర్లకూ బెట్ట సహనానికీ సంబంధించిన లక్షణాలెన్నో గుమిగూడిన ఒక ప్రాంతం దొరికింది, దాన్ని మార్కర్ల సాయంతో జేజీ 11 వంటి మేలైన రకాల్లోకి పంపారు. ఇవన్నీ నిజమైన విజయాలు, నేను వీటిని చూసి సంతోషించేవాడినే.

కానీ ఆ ప్రాంతం ముఖ్యమని ఎలా తెలిసింది? ఎవరో వందల మొక్కల వేర్లను మట్టిలోంచి తీసి, కడిగి, తూచి, కొలిచారు కనుక తెలిసింది. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న జీనోమిక్ ఎంపికలో ఒక సముదాయంలోని మొక్కలకు మార్కర్లూ, మడిలో కొలిచిన దిగుబడీ రెండూ ఇచ్చి ఒక నమూనాకు శిక్షణ ఇస్తారు, అది కొత్త మొక్కల దిగుబడిని మార్కర్ల నుంచి అంచనా వేస్తుంది. ఆ శిక్షణకు ఇచ్చిన దిగుబడిలో 22 శాతమే జన్యువులది, మిగతాదంతా నేలది, వరుసది, చచ్చిపోయిన పక్క మొక్కది అయితే, నమూనా ఆ గోలలోంచే నేర్చుకోవాలి. మార్కర్లను ఎంత పెంచినా ఆ గోల తగ్గదు. రెప్లికేషన్లు పెంచితే తగ్గుతుంది, ఇంకో చోట, ఇంకో కాలంలో విత్తితే తగ్గుతుంది, గుర్తు కట్టే ముందు ఆ ఐదు మొక్కలను చీటీ తీసి ఎంచుకుంటే తగ్గుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.